మధ్యాహ్నం నిద్ర లేచే పెట్టె

చీరలు చూసి కుళ్ళుకున్నాను, నగలు చూసి కుళ్ళుకున్నాను, పుట్టిల్లు దగ్గర్లో ఉన్న ఆడవాళ్ళందరినీ చూసి కుళ్ళుకున్నాను. అవన్నీ ఎవరికైనా ఉండేవే. కానీ ఒక కంప్యూటర్‌ని చూసి కుళ్ళుకుని, అన్నం సహించక ముసుగు తన్ని పడుకున్న మనిషిని మా నగరి ఊళ్ళో నేనొక్కతెనే అయ్యుంటాను.

అప్పట్లో మా ఇంటి వెనకాల రేకుల షెడ్డులో పవర్‌లూములు ఉండేవి. కరెంటు ఉన్నంతసేపూ అవి నడవాల్సిందే. పోగు తెగితే ముడి వేయడానికి, నూలు చుట్టిన కండె అయిపోతే మార్చడానికి మనిషి పక్కనే ఉండాలి. పగలంతా ఆ పని మా అత్తది. ఆ టకటకలో ఒకరి మాట ఒకరికి వినబడదు కాబట్టి మా ఇంట్లో అందరికీ చేతులతో మాట్లాడటం అలవాటు. నీళ్ళు కావాలంటే బొటనవేలు నోటి దగ్గరికి, అన్నానికి రమ్మంటే ఐదు వేళ్ళూ కలిపి. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు నవ్వొచ్చేది. తర్వాత తర్వాత పుట్టింటికి పోయినా నా చేతులు ఊరుకునేవి కావు.

నా పని హాల్లో టీవీ ఎదురుగా కూర్చుని కండెలు చుట్టడం. మధ్యాహ్నం ఒక సీరియల్ వచ్చేది. అదంటే అత్తకు ప్రాణం. కానీ కరెంటు ఉంటే లూములు వదిలి రావడానికి లేదు, కరెంటు లేకపోతే టీవీనే లేదు. అందుకని ఆమె బదులు నేను చూసి పెట్టేదాన్ని. సాయంత్రం మా ఆయన వచ్చి లూముల దగ్గర నిలబడగానే, అత్త కాళ్ళు కడుక్కుని వరండాలో కూర్చునేది. నేను ఎదురుగా కూర్చుని ఆ రోజు కథంతా చెప్పేదాన్ని.

చెప్పడమంటే ఊరికే చెప్పడం కాదు. సీరియల్లో ఆడబిడ్డ కళ్ళు తిప్పితే నేనూ తిప్పాలి, కోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడిస్తే నేనూ కుక్కుకోవాలి. వెనకాల లూములు దడదడలాడుతుంటే సగం కథ నా చేతులే చెప్పేవి. అత్త కళ్ళార్పకుండా నా మొహమే చూసేది. నా వంటకు ఏనాడూ బాగుందని అనని మనిషి, ఆ కాసేపు మాత్రం అచ్చంగా నాది. ఆ కాసేపటి కోసమే మిగతా రోజంతా ఆ ఇంట్లో ఈదుకొచ్చేదాన్ని.

అప్పుడు మా మరిదికి పెళ్ళయింది. తోడికోడలిది తిరుపతి, అలిపిరి దగ్గర ఇల్లు, కంప్యూటర్ కోర్సు చేసిన పిల్ల. చీర అంచులకు డిజైన్లు గీస్తుందని మరిది ఒక కంప్యూటర్ కొనిచ్చాడు. గీసుకుని ఊరుకోవచ్చు కదా. అందులో టీవీ కార్డు వేయించి, కేబుల్ తీగ లాక్కుని తగిలించింది. పెట్టెను పొద్దున్నే నిద్రపుచ్చేది. సీరియల్ వేళకు అది తనంతట తానే లేచి, రికార్డు చేసుకుని, అయిపోగానే మళ్ళీ పడుకుంటుందని ఇల్లంతా చెప్పింది.

నేను నమ్మలేదు. కండెలు పక్కనబెట్టి పోయి వాళ్ళ గది గడప దగ్గర నిలబడ్డాను. తెర నల్లగా ఉంది, కింద చిన్న దీపం వెలిగి ఆరుతోంది. తోడికోడలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. వేళ కాగానే లోపల ఫ్యాను గిర్రుమంది, తెర వెలిగింది, నా సీరియల్ మొదలైంది. ఎవరూ చెయ్యి కూడా వేయలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ సాయంత్రం అత్త కాళ్ళు కడుక్కుని వరండా దాటి నేరుగా చిన్నకోడలి గదిలోకి పోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నేను వరండాలో చాటలో బియ్యం ఏరుకుంటూ కూర్చునేదాన్ని. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరేదాన్ని. పక్కింటామె వస్తే అత్త ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించేది. మా సిన్నకోడలు మిషనుకు నిద్దర లేసేది గూడా నేర్పించింది అని మురిసిపోయేది. నేను అన్నేళ్ళు కళ్ళు తిప్పి, ముక్కు చీది చెప్పిన కథల గురించి ఎవరి దగ్గరా ఒక్క ముక్క చెప్పిన పాపాన పోలేదు.

సీరియల్ వేళకు కరెంటు పోవాలని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. నిజంగానే పోయిన రోజు మా ఆయన తల పట్టుకుని కూర్చుంటే, నేను లోపల పండగ చేసుకున్నాను. తోడికోడలు నన్నూ వచ్చి కూర్చోమని రెండు మూడుసార్లు పిలిచింది. పనుందని చెప్పాను. అత్తకు అన్నం పెట్టేటప్పుడు కూడా కంచం ముందుకు తోసి మొహం తిప్పుకుని పోయేదాన్ని. నా నోట్లో మట్టి కొట్టిన పెట్టెను ఆమె ముద్దు చేస్తుంటే, నేనెందుకు నవ్వుతూ వడ్డించాలి?

అలా ఉండగా ఆయుధపూజ వచ్చింది. మా నేతవాళ్ళ ఇళ్ళలో ఆ రోజు పూజలో పెట్టిన పనిముట్టు ఏదీ కదలకూడదు. లూములు కడిగి, విభూది పట్టెలు వేసి, కుంకుమ పెట్టి, విశ్రాంతి ఇస్తాం. కరెంటు ఉండీ మా ఇంట్లో లూములు ఆగేది ఏడాదికి ఆ ఒక్కరోజే. తోడికోడలు కంప్యూటర్‌ను కూడా మోసుకొచ్చి షెడ్డు వాకిట్లో బల్ల మీద పెట్టింది. పొద్దున్నే గిరాకీదారుకు ఒక డిజైన్ చూపించాలని కేబుల్‌తో సహా తీగలన్నీ తగిలించి వాడుకుని, అలవాటుగా నిద్రపుచ్చింది. దానికీ బొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు. నేను లూములకు పెట్టినంత కుంకుమ దానికి పెట్టలేదు.

మా ఆయన బూడిదగుమ్మడికాయ తేవడం ఆలస్యం చేయడంతో పూజ మధ్యాహ్నానికి జరిగింది. బొరుగులు, పుట్నాలు, అరటిపండ్లు పెట్టి, అత్త లూము ముందు కళ్ళు మూసుకుని హారతి పళ్ళెం ఎత్తింది. ఇల్లంతా చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడు పెట్టె నిద్ర లేచింది. దండ వెనకాల తెర వెలిగింది. సీరియల్ పాట షెడ్డు రేకులు అదిరేటట్టు మోగింది.

మా ఆయన చేతిలో గుమ్మడికాయ జారినంత పనైంది. తోడికోడలు, ఆర్పలేదక్కా, ఉత్త నిద్రపుచ్చినా అని ఏడుపు మొహంతో తీగల వైపు పరిగెత్తింది. పూజలో పెట్టిన మిషను కదిలింది, ఈ రోజుతో దీని పని అయిపోయింది, అత్త దీన్ని వీధిలోకి విసిరేస్తుంది అని నా ప్రాణం గాల్లో తేలింది. ఆ ముచ్చట చూద్దామని అత్త వైపు తిరిగాను.

అత్త హారతి తిప్పుతూనే ఉంది. కళ్ళు తెరవలేదు. ఆమె రెప్ప కూడా అదరలేదు.

వెనకనుంచి పిలిచాను. ఇంకా గట్టిగా పిలిచాను. తిరగలేదు. తోడికోడలు తీగ పీకి, నోరు తెరుచుకుని నా మొహం చూసింది. లూముల చప్పుడు లేకుండా ఆ పెట్టె పాడటం మేమంతా వినడం అదే మొదటిసారి. లూములు ఆగాయంటే కరెంటు లేనట్టు, కరెంటు లేదంటే పెట్టే లేదు. చప్పుడు లేనప్పుడు కూడా మా ఇంట్లో చేతులే మాట్లాడేవి. అందుకే మాకెవరికీ ఇన్నాళ్ళూ తెలియలేదు.

పూజయ్యాక ఆమె ఎదురుగా నిలబడి, చెవి చూపించి అడిగాను. మొదట కసురుకుంది. తర్వాత లూముల వైపు చెయ్యి చూపించి, అవే తినేసినాయని ఒప్పుకుంది. మరి రోజూ ఆ గదిలో కూర్చుని తల ఊపేది ఏమిటని అడిగితే, ఊరికే బొమ్మలు చూస్తూ ఉన్నానంది.

"పాపం, ఆ బిడ్డ నా కోసరం మిషనుకు అంత నేర్పించింటే, ఇనబళ్ళేదని ఎట్ల సెప్పేది?"

అక్కడ కూడా ఆ బిడ్డే. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మరి నా దగ్గరికి రావచ్చు కదా, నేను చెప్పనా అని చేతులు ఆడిస్తూ నిలదీశాను.

అత్త నా చేతుల్ని చూసి, తర్వాత నా మొహం చూసింది.

"నువ్వు మొగం తిప్పుకొని పోతా ఉండావు గదమ్మే. నువ్వు ఎదురుగా ఉంటే గదా నాకు ఇనబడేది."

మా ఆయన బయట గుమ్మడికాయ కొడితే, ఆ చప్పుడు మా ముగ్గురిలో ఇద్దరికే వినబడింది.

మర్నాడు లూములు నడిచాయి, పెట్టె దాని వేళకు లేచి రికార్డు చేసుకుని పడుకుంది. సాయంత్రం తోడికోడలే వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకుపోయింది. తెర పక్కన నిలబడి నేను కళ్ళు తిప్పాను, కొంగు నోట్లో కుక్కుకున్నాను, వేళ్ళతో విషం కలిపాను. అత్త తెర వైపు చూడటం మానేసి నన్నే చూస్తోంది. ఊ, మళ్ళ, అంటోంది. నేను వెనకబడినప్పుడల్లా తోడికోడలు మౌస్ నొక్కి బొమ్మను ఆపుతోంది.

ఒకసారి అలా ఆపి ఆమె తలెత్తింది. అత్త మొహం చూసింది, తర్వాత నా చేతుల్ని చూసింది. చాటలో బియ్యం ఏరుకుంటూ నేను ఆ గది వైపు చూసిన చూపు అదే. నేను ఇంకొంచెం పెద్దగా కళ్ళు తిప్పాను.