ఎనిమిదిన్నరకి పారబోసిన వాన

వాన కొలవడం నాకు ఎవరూ నేర్పలేదు. వన్ టౌన్‌లో ఒక మిరపకాయల గోడౌనులో తూకాలు రాసే ఉద్యోగం నాది. తొంభైల మొదట్లో పాత పుస్తకమొకదానిలో వానమాపకం బొమ్మ చూసి, మా వీధిలో రేకుల పని చేసే సాయిబుగారి చేత రెండు డబ్బాలు చేయించాను. ఒకటి మా డాబా మీద పెట్టుకున్నాను. రెండోది మా తోడల్లుడికిచ్చాను. అతను కైకలూరు అవతల, కొల్లేటి అంచున చేపల చెరువు కౌలుకు తీసుకుని, గట్టు మీదే పాక వేసుకుని ఉండేవాడు.

రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి డబ్బాలో నీళ్లు కొలిచి, అంకె రాసి, పారబోయాలి. సర్కారు వానమాపకాలకీ అదే వేళ. ఆ వేళ తప్పకూడదని అతనికి వాచీ కూడా నేనే కొనిచ్చాను. అతను సిగరెట్ పెట్టె అట్టల మీద అంకెలు రాసి, వారానికోసారి చేపల లారీ డ్రైవరుతో పంపేవాడు. అంకెల పక్కన కబుర్లుండేవి. పాక కారుతోందని, వదిన పంపిన పచ్చడి బాగుందని. నేను అంకెల్ని మాత్రమే నోట్‌బుక్కులోకి ఎక్కించి, అట్టల్ని చెప్పుల పెట్టెలో పడేసేవాణ్ణి.

ఒక ఏడు ముసురులో ఆ చెరువు గట్టు తెగి చేపలన్నీ పక్కనున్న డ్రెయిను కాలువలోకి పోయాయి. ఎలకల బొరియల వల్లే తెగిందని అందరం అనుకున్నాం. మళ్లీ నిలదొక్కుకోవడానికి అతనికి నాలుగేళ్లు పట్టింది. ఇంకోసారి గట్టు పోతే చెరువు వదిలి కూలికి పోవడమేనని మా మరదలు మా ఇంట్లో ఏడ్చింది.

రెండు వేల సంవత్సరం దాటాక పరిశోధన చేసే ఒక అమ్మాయి నా నోట్‌బుక్కుల సంగతి విని మా ఇంటికొచ్చింది. ఆమె దగ్గర ఒక మోడల్ ఉంది. నేలను గళ్లుగా కోసి, గడిచిపోయిన ఏళ్ల వానల్ని కంప్యూటరులో మళ్లీ కురిపిస్తుంది. అది నిజానికి ఎంత దగ్గరగా ఉందో చూడటానికి నాలాంటి వాళ్ల లెక్కలు కావాలి. నా రోజు ఎన్నింటికి మొదలవుతుందని అడిగి, మోడల్ రోజును కూడా సరిగ్గా ఎనిమిదిన్నరకే కోసింది.

ఏడాది మొత్తం వానలో రెండు లెక్కలూ బాగానే కలిశాయి. చినుకులు పడ్డ రోజులు మోడల్‌లో ఎక్కువ. పెద్ద వానల దగ్గర మాత్రం దాన్ని నమ్మవద్దని ఆమే చెప్పింది. గడి అంతటికీ సగటు తీస్తుంది కాబట్టి ఎక్కడైనా తక్కువే చూపిస్తుందట. అయితే మా చెరువు దగ్గర అలా కాలేదు. నా పుస్తకంలో ఒక రోజుకి అన్నిటికంటే పెద్ద వాన ఆరంగుళాలు. మోడల్‌లోనూ దాదాపు అంతే. ఆమె ఆశ్చర్యపోయింది. నేను పొంగిపోయాను.

ఆ వేసవిలోనే మా తోడల్లుడు గట్టు ఎంత ఎత్తు లేపాలని అడిగాడు. అంగుళం వానకి డ్రెయిను మూడంగుళాలు లేస్తుందని కొలకర్ర పెట్టి తేల్చుకున్నాం. ఆరు మూళ్లు పద్దెనిమిది, పైన జాగ్రత్తకి ఇంకో ఆరు. డ్రెయిను మామూలు మట్టం మీద రెండడుగులు చాలన్నాను. మొగుడూ పెళ్లాం తట్టలతో మట్టి మోసి గట్టును అంత ఎత్తుకీ లేపారు.

మరుసటి ఏడు వాన తెల్లవారుజామున మొదలైంది. పొద్దున అతను సెల్లు నుంచి ఫోన్ చేశాడు.

"ఎనిమిదిన్నరయిందన్నయ్యా. డబ్బాలో ఐదున్నర ఉంది. పారబొయ్యనా?"

పారబొయ్యమన్నాను. నీళ్లు గట్టుకి ఎంత దిగువన ఉన్నాయని అడిగాను.

"జానెడు. ఇంకెంత పడుద్దో చెప్పు."

ఆరు దాటదన్నాను.

"నువ్వు పుస్తకంలో రోజు మార్చావు గానీ వాన మారలా. అదే వాన పడతంది. ఈసారి ఎలకలంటే ఒప్పుకోను, బొరియలన్నీ నేనే పూడ్చా."

అదే వాన. ఆ మాట ఎక్కడో చదివాననిపించింది. ఫోన్ పెట్టేసి చెప్పుల పెట్టె బోర్లించాను. గట్టు తెగిన ఏడాది అట్ట దొరికింది. ఒక తేదీకి ఆరు. మర్నాటికి ఐదు. రెండంకెల మధ్యా అతని దస్తూరీ: 'అదే వాన, ఆగలా.' తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా ఏకధారగా పడ్డ పదకొండంగుళాల వానను నేను ఎనిమిదిన్నర దగ్గర రెండు ముక్కలు చేసి, రెండు మామూలు వానలుగా రాసుకున్నాను. మోడల్‌నీ అక్కడే కోయించాను. రెండు తప్పులూ కలిస్తే నిజమనుకున్నాను. పదకొండు మూళ్లు ముప్పై మూడు. గట్టు ఇరవై నాలుగు.

తిరిగి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. పదిసార్ల దాకా లెక్కపెట్టాను, తర్వాత లెక్క తప్పింది. బయట వాన తగ్గకపోగా హోరు పెరిగింది. గంట దాటాక మా మరదలు ఎత్తింది. గట్టు మీద మట్టి వేస్తున్నాడంది. వదిలేసి రోడ్డు మీదకి వచ్చేయమని చెప్పాను.

"బావగారూ, ఇంకో అంగుళం వానకి గట్టు ఆగుద్దా?" అంది.

ఆగదని నా నోటితో చెప్పాల్సి వచ్చింది.

మూడో రోజు ఇద్దరూ తడిబట్టల మూటతో మా గడప ఎక్కారు. అతను కాళ్లు కడుక్కుని, జేబులోంచి మెత్తబడ్డ అట్ట తీసి నా చేతిలో పెట్టాడు. అంకె లేదు. 'డబ్బా పొర్లింది' అని మాత్రం ఉంది. నోట్‌బుక్కులో అంకె వేయాల్సిన గడిలో ఆ మాటే ఎక్కించాను.