గిన్నెల్లో సామలు

జగదల్‌పూర్‌లో మేమున్న వాడకు దగ్గర్లోనే ఒక క్రైస్తవ సేవా సంస్థ ఉండేది. మధ్యాహ్నం అక్కడ కుట్టుపని, తర్వాత ఒక గంట చదువు. నేను కుట్టుపని కోసం వెళ్లి చదువులో పడ్డాను. అప్పటికే నా పెద్దకూతురు పిల్లల తల్లి. నాకు అక్షరాలు నేర్పిన టీచరమ్మ ఆమెకంటే చిన్నది.

ఆ ఏడు సముద్రం అవతల ఏదో దీవిలో పెద్ద తుఫాను వచ్చింది. టీచరమ్మ గోడమీది పటంలో వేలు పెట్టి చూపించింది. వేలు తీస్తేగాని దీవి కనబడలేదు. అంత చిన్నది. అక్కడ ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయట. ఇల్లు పోయిన ఒక్కో కుటుంబానికి సంస్థ ఒక్కో పెట్టె పంపాలనుకుంది. అందులో దుప్పటి, తాడు, సబ్బులు, మూత ఉన్న స్టీలు గిన్నె. సంచులు కుట్టడం, పెట్టెలు సర్దడం మా పని.

ఆ మనుషుల సంగతి తెలుసుకోవాలని నాకు ఒకటే ఆరాటం.

"వాళ్లకు అడవి ఉంటదా, టీచరమ్మా?"

"ఉంటుంది."

"ఏం తింటరు?"

"అన్నం, చేపలు."

"ఇండ్లు దేంతోని కప్పుకుంటరు?"

"వాళ్లింటికి పిల్లనిస్తున్నవా ఏంది, ఇన్ని అడుగుతున్నవ్?" అంది పక్కన కుడుతున్న పెద్దమ్మ. కోంటా వైపు మనిషి, మా అందరిలోకి పెద్దది. అందరూ నవ్వారు.

నేను కాపురానికి వెళ్లిన కొత్తలో, చింతలనార్ దగ్గరి మా ఊళ్లో, గాలివానకు మా ఇల్లు కూలింది. మర్నాడు పొద్దున పొరుగామె వచ్చి ఒక గిన్నె ఇచ్చింది. మూత తీస్తే అడుగున గుప్పెడు సామలు. మా వైపు ఉత్త గిన్నె ఎవరూ ఎవరికీ ఇవ్వరు. ఇస్తే, పుచ్చుకున్న ఇంట్లో అది ఎప్పటికీ నిండదని భయం.

అందుకే పెట్టెలు సర్దిన మొదటిరోజే పెద్దమ్మ కొంగున సామలు కట్టుకొచ్చింది. మిగిలిన గుడ్డముక్కల్లో గుప్పెడేసి మూటగట్టి గిన్నెల్లో వేసి మూతలు పెట్టాం. మర్నాటి నుంచి తలా కాసిన్ని తెచ్చాం. దాని గురించి ఎవరం ఏమీ అనుకోలేదు.

కూడబలుక్కుని చదవగలను కాబట్టి లిస్టు నా చేతికిచ్చారు. టీచరమ్మ దాన్ని తెలుగులో రాసిపెట్టింది. ఒక్కో వస్తువు చూసి గీత పెట్టేదాన్ని. సామలు లిస్టులో లేవని నాకు తట్టనేలేదు. అవి సామాను కాదు గదా.

చివరిరోజు విశాఖపట్నం నుంచి సంస్థ సారు వచ్చాడు. మర్నాడు పొద్దున లారీ రేవుకు పోవాలి. లిస్టు కింద ఒక వాక్యం కొత్తగా రాయించి, చదివి సంతకం చేయమన్నాడు. వేలు పెట్టుకుని చదివాను.

"ఈ పెట్టెలలో... ధాన్యము... గింజలు... ఆకులు... ఏవీ..."

వెనక కుట్టుమిషన్లు ఆగాయి.

"బాగానే చదువుతున్నారమ్మా, కానివ్వండి."

"ఏవీ లేవని రాసింది, సార్. ఉన్నయి."

"ఏమున్నాయి?"

"సామలు. ప్రతి గిన్నెల."

సారు ఒక పెట్టె విప్పి, మూట విప్పి, అరచేతిలో పోసుకుని చూశాడు. "ఎవరు పెట్టమన్నారు?"

"ఒకరు చెప్పాల్నా సార్?" అంది పెద్దమ్మ. "ఉత్త గిన్నె ఎట్లిస్తరు?"

పరాయి నేల గింజతో పురుగూ తెగులూ ఆ దీవికి చేరతాయని, ఒక్క పెట్టెలో దొరికినా మొత్తం సామాను రేవులో ఆపేస్తారని సారు చెప్పాడు. "అక్కడ వాళ్లు కప్పుకోవడానికి లేక తడుస్తున్నారమ్మా," అన్నాడు మెల్లగా. నా గీతలు చూసుకునే కదా సంస్థవాళ్లు లారీ పిలిచింది.

పెట్టెలన్నీ విప్పాం. మూటలన్నీ తీశాం. పెద్దమ్మ మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది.

"సామలు తీసిన. ఉత్త గిన్నె మీద మూత మాత్రం నేను పెట్ట."

మిగతావాళ్లూ మూతలు ముట్టలేదు. సారు గడియారం చూసుకున్నాడు. నేను లిస్టు మళ్లీ మొదటి నుంచి చదివాను. సబ్బులు, మూడు. అవి మేం కుట్టిన సంచిలో విడిగా ఉన్నాయి.

"సార్, సబ్బులు గిన్నెల పెట్టొద్దని ఎక్కడన్న ఉందా?"

ఆయన తన ఇంగ్లీషు కాగితం తిరగేశాడు. "లేదు."

"సబ్బు వండుకుంటరా ఏంది?" అంది ఒకామె.

"కడుక్కుంటరు. ఉత్తగైతే లేదు గద," అంటూ పెద్దమ్మ మూడు సబ్బులు వేసి మూత పెట్టింది.

అప్పుడు సంతకం చేశాను. వంకరగా వచ్చింది. తీసిన సామలతో జావ కాచాం. సారు రెండు గ్లాసులు తాగి, ఈ సామలు ఏ నెలలో చల్లుతారు, ఎలా దంచుతారని అడుగుతూనే ఉన్నాడు.

"ఈయన కూడా పిల్లనిస్తడు," అంది పెద్దమ్మ.

కొన్ని నెలలకు ఆ దీవి నుంచి ఒక ఫోటో వచ్చింది. కూలిన గోడ ముందు ఒకామె మా గిన్నెను నడుముకు ఆనించుకుని నిలబడి ఉంది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. మూత పెట్టే ఉంది. లోపల ఇంకా సబ్బులే ఉన్నాయో, ఏదన్నా వండిందో తెలియలేదు. వాళ్ల దగ్గర ఉత్త గిన్నె ఇస్తారా అని టీచరమ్మను అడిగాను. తనకూ తెలియదంది.