గొంతు దిగని రొట్టె

మొన్న మా అపార్టుమెంటులో లిఫ్టు చెడిపోయి, ఎనభై దాటిన ఈ కాళ్లతో మూడంతస్తులు మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కి వచ్చాను. కోడలు భయపడి పొద్దుటి ఉప్మా చల్లారిందే పళ్లెంలో పెట్టి ఇస్తే, రోజూ రుచి లేదని పక్కకు జరిపే దాన్ని మళ్లీ అడిగి పెట్టించుకున్నాను. నా వయసు వాళ్లకు వేరే చెప్పనక్కర లేదు, ఒళ్లు అలిసినప్పుడు నోటికి ఏమవుతుందో మనకు తెలుసు. నాకు మాత్రం అది కొత్తగా కాపురానికి వెళ్లిన ఏడాదే తెలిసింది.

మా బాపుకు నల్గొండలో బట్టల దుకాణం ఉండేది. రెండు పూటలా సన్నబియ్యం అన్నం తిని, దుకాణం వెనక గదిలో కూర్చుని కుట్లు అల్లికలు నేర్చుకుంటూ పెరిగిన నన్ను ఆత్మకూరు దగ్గరి ఒక మెట్ట పల్లెకు ఇచ్చారు. ఆ ఇంట్లో పొద్దున జొన్నరవ్వ ఉడికించిన గటక, రాత్రి జొన్నరొట్టె. మొదటి రోజు రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటే ఎంత నమిలినా గొంతు దిగలేదు. మా అత్త ఒక్క మాట అనకుండా ఎక్కడి నుంచో బియ్యం తెప్పించి నా ఒక్కదానికే చిన్న కుండలో అన్నం వండేది. అందరి ముందూ రొట్టె, నా ముందు అన్నం! ఆ సిగ్గుతో అదీ సహించక నెల తిరిగేసరికి చిక్కిపోయి, నాకిక్కడ తిండి పోవడం లేదు, వచ్చి తీసుకుపొమ్మని బాపుకు ఉత్తరం రాశాను.

బాపు రాకముందే జొన్న కోతలొచ్చాయి. కోసిన కంకులు చేనంతా కుప్పలుగా పడి ఉండగా ఒకనాడు పొద్దున్నే కృష్ణా నది వైపు నుంచి నల్లటి మబ్బు లేచింది. తడిస్తే ఏడాది తిండి బూజు పట్టిపోతుంది. మా ఇంటాయన, అత్త చేనుకు పరుగెత్తుతుంటే నన్నెవరూ రమ్మనలేదు. అయినా కొంగు నడుముకు చుట్టుకుని వెనకాలే వెళ్లాను. గంపకెత్తిన కంకులు నెత్తిన పెట్టుకుని, చేను నుంచి కల్లానికి ఎన్నిసార్లు తిరిగానో, మెడ పట్టేసింది, నూగు అంటుకుని ఒళ్లంతా దురద.

పొద్దు నడినెత్తికొచ్చాక అత్త తుమ్మచెట్టు కింద సద్దిమూట విప్పింది. అన్నం వండే తీరిక ఆవేళ ఆమెకు లేకపోయింది. నన్ను చూసి నొచ్చుకుంటూ, "రొట్టెలే ఉన్నయి బిడ్డా, జర ఓర్సుకో" అంది. నేను అప్పటికే చెయ్యి చాపాను. పుంటికూర, అంటే గోంగూర పచ్చడి, పిడికిలితో గుద్ది పగలగొట్టిన ఉల్లిగడ్డ, అంచులు మాడిన రొట్టె. నములుతుంటే జొన్నలో అంత తీపి ఉంటుందని మొదటిసారి తెలిసింది. రెండు రొట్టెలు ఎలా అయిపోయాయో తెలియదు. మూడో దాన్ని తుంచుతుంటే ఎదురుగా, ఇంటికి తాళం చూసి వెతుక్కుంటూ వచ్చిన మా బాపు నిలబడి ఉన్నాడు.

"తిండి పోతలేదని రాస్తివి గద బిడ్డా?" అన్నాడు నా నెత్తిమీది చెత్తను చూస్తూ.

నోటినిండా రొట్టెతో, "ఇయ్యాల పోతాంది బాపూ" అన్నాను.

అత్త పక్కున నవ్వి, "నువ్వు గూడ కూసో అన్నా, ఒక్క రొట్టె తిను" అని చేతికిచ్చింది. బస్సులో కూర్చుని వచ్చిన మనిషి, మర్యాదకు సగం తిని, నీళ్లు తాగి తాగి మింగాడు. నేను తింటున్నది అదే రొట్టె, అదే పచ్చడి! తరువాత ఆయన మబ్బు వంక చూసి, చొక్కా విప్పి కొమ్మకు తగిలించి, పంచె ఎగ్గట్టి గంప అందుకున్నాడు. గజాలు కొలిచే చేతులు ఆ సాయంత్రం దాకా కంకులు మోశాయి. కుప్ప మీద ఆఖరి గోనెపట్టా కప్పి రాళ్లు పెడుతుండగా వాన దిగింది. ఆ పూట ఇంట్లో బాపు రెండు రొట్టెలు తిని, పచ్చడి గిన్నె తనవైపు జరుపుకున్నాడు.

మర్నాడు బస్సు దగ్గర నెమ్మదిగా అడిగాడు, "ఏమంటవు బిడ్డా, వస్తవా?"

"కల్లం అయినంక వస్త బాపూ."

ఆయన ఒక్కడే బస్సెక్కాడు. ఆ కల్లం అయ్యాక పండగకు వెళ్లి వారం ఉండి, నా అంతట నేనే తిరిగి వచ్చాను.

ఇప్పుడు ఆ చేనుకు కాలువ నీళ్లొచ్చాయి, వరి పండుతోంది, కోతకు మిషన్ వస్తుంది. ఆడవాళ్ల మెడల మీది బరువు దిగింది, మంచిదే, ఆ మోత ఎవరికీ రావాలని నేను కోరను. జొన్నపిండి మాత్రం పట్నంలో ప్యాకెట్లలో దొరుకుతోంది, డాక్టర్లు చెబితే మా ఇంట్లోనూ తింటున్నారు. మనవరాలు మొన్న రొట్టె కొరికి, ఇందులో అంత ఏముంది నానమ్మా అని అడిగింది. మెత్తగానే చేశాను, పచ్చడీ కుదిరింది. ఆ రొట్టె మీద ఇంకాస్త నెయ్యి వేశాను.