కడిగిచ్చినవా అని అడిగింది

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. మింగితే దిగదు. దగ్గితే రాదు. అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను, ఊళ్లో తగవులు చెబుతున్నాను, నన్ను చూసి లేచి నిలబడినవాళ్లను కూర్చోమంటున్నాను. ముల్లు మాత్రం కదల్లేదు. ఇవాళ దాన్ని తీసి మీ ముందు పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసిన మనిషి ఎదురుగా ఉంటే నేను మళ్లీ మాటలతో గెలిచే పని మొదలుపెడతాను. ఆ పని నాకు బాగా వచ్చు. నా పాపమంతా అందులోనే ఉంది.

నాకు చదువు అరవై ఆరో ఏట వచ్చింది. అంతకుముందు వేలిముద్రే. కాబట్టి నా వాక్యాలు కుంటుతాయి. ఓర్చుకోండి.

మా ఊరు భద్రాచలం పోయే రోడ్డు దిగి అడవి వైపు తిరిగితే వస్తుంది. మా నాన్న ఎర్రుపాలెం దిక్కు నుంచి మిరప వేయడానికి ఇక్కడికి వచ్చాడు. నేను ఇక్కడే ముసలివాణ్నయ్యాను. మాకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరి దగ్గరన్నా మందు కొట్టే పంపు అడిగి తెచ్చుకుంటే, దాన్ని మూడుసార్లు కడగాలి. మూడోసారి పోసిన నీళ్లు మన చేలోనే, మన మొక్కల మీదే కొట్టి చూసుకోవాలి. ఆ తర్వాతే తిరిగి ఇవ్వాలి. ఎందుకంటే కలుపును మాడ్చే గడ్డి మందు కొట్టిన పంపులో అడుగున కాస్త మిగిలినా చాలు, అది మిరప మీద పడితే ఇక ఆ తోట తోట కాదు. ఈ సంగతి పొలం గట్టు మీద ఆడుకునే పిల్లలకు కూడా తెలుసు.

లచ్చమ్మ గూడెం మనిషి. భర్త పోయాక రెండెకరాలు కౌలుకు పట్టి ఒంటిచేత్తో మిరప వేసింది. పెట్రోలుతో నడిచే కొత్త మందు పంపు కొనుక్కుంది. ఆ వారం నా పంపు పాడైంది. ఆమెది అడిగి తెచ్చాను. మా గట్ల మీద గడ్డి మందు కొట్టాను. పొద్దు వాలకముందే తిరిగి పంపించాను.

కడగలేదు.

ఎందుకు కడగలేదు? చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది. కరెంటు పోయింది, బోరు పోయలేదు, ఏం చేస్తాను అని. కరెంటు పోయిన మాట నిజమే. కానీ బోరు పక్కనే నిండా నీళ్లున్న డ్రమ్ము ఉంది. ఆ నీళ్లతో నా కాళ్లు కడుక్కున్నాను. చేతులు, ముఖం కడుక్కున్నాను. తువ్వాలు కూడా జాడించుకున్నాను. పంపు నా కాళ్ల దగ్గరే ఉంది. దాని వైపు చూశాను కూడా. అదే పంపు మా వియ్యంకుడిదో, సర్పంచిదో అయితే కడగకుండా ఇచ్చేవాడినా? ఇచ్చేవాణ్ని కాదు. లచ్చమ్మదే కదా, ఆమే కడుక్కుంటుందిలే అనుకున్నాను. ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. అక్షరాలు రాక కాదు.

ఆమె కడుక్కోలేదు. ఊళ్లో నన్ను పెద్దయ్య అంటారు. పెద్దయ్య ఇంటి నుంచి వచ్చిన పంపు, కట్టుబాటు తప్పుతుందా అనుకుంది. మర్నాడే పూత మీదున్న తోటకు పురుగు మందు కలిపి కొట్టింది. వారం తిరగకముందే చిగుళ్లు వంగాయి. ఆకులు సన్నబడి దారాల్లా మెలితిరిగాయి. పూత రాలింది.

చేను ఆసామి పాలకేంద్రం ముందు పదిమందిని కూర్చోబెట్టాడు. నన్నూ పిలిచారు. నేను లేకుండా మా ఊళ్లో తగవు తేలదు. పాలు పోసి వెళ్లేవాళ్లు కూడా ఆగారు. ఆసామి ఒకటే అన్నాడు. "నీకు మిరప చేతగాదు లచ్చమ్మా. మందు కలపరాదు. వచ్చే ఏడు నా చేను నాకు ఇడిచిపెట్టు."

ఆమె నా వైపు తిరిగింది. "పెద్దయ్యా, చేను నా చేతిల ఉండాల్నంటే నీ ఒక్క మాట గావాలె. నా పంపు తీస్కపోయి గట్లకు గడ్డి మందు కొట్టినవు. కడిగిచ్చినవా?"

ఒక్క మాట. అవునో కాదో. నేను ఏం చేశానో చెబుతాను.

"ముందు నువ్వు చెప్పు. మిరప ఏయబట్టి ఎన్నేండ్లయింది నీకు?" అన్నాను.

"మూడేండ్లు."

"నేను గోచీ పెట్టుకున్న నాటి నుంచి మిరప చేన్ల ఉన్న. మూడేండ్ల దానివి నాకు మందుల సంగతి నేర్పుతవా?"

నవ్వారు. ఆ నవ్వు నాకు బలమిచ్చింది.

"నేర్పుతలేను పెద్దయ్యా. నీకెరుకనే. కడిగిచ్చినవా అంటున్న."

"మీ ఆయన గూడ గిట్లనే. పత్తి ఎండితే ఇత్తనాల దుకాణపోని మీద పడ్డడు. మీ ఇంటి తీరే అది. చేతగానప్పుడల్లా ఇంకొకని మీదికి తోసుడు."

"పోయినాయన్ని ఎందుకు తెస్తవు నడుమల?" ఆమె ఆగలేదు. "చేన్లకొచ్చి చూడుండ్రి. మొదటి ట్యాంకు కొట్టిన సాళ్లు మాడినై. ఆఖరి సాళ్లు మంచిగున్నై. తెగులైతే సాలు చూస్కోని వస్తదా?"

అంతకంటే సూటి మాట నేను ఏ తగవులోనూ వినలేదు. అందులో ఆమె మీద ఆమెకు జాలి లేదు, నా మీద కోపం లేదు, ఉన్నదల్లా చేలో కనబడే నిజం. లేచి నాలుగు అడుగులు నడిచి ఆ సాళ్లు చూస్తే అయిపోయేది. ఎవరైనా లేస్తారేమోనని భయపడ్డాను. అందుకే గొంతు పెంచాను. ఆమెతో కాదు, వాళ్లతో మాట్లాడాను.

"ఇన్నరా? పెద్దోళ్లు పేదోళ్ల చేన్ల ఇషం పోస్తరంట! నేను పోసిన్నంట!"

"నేను గట్లన్ననా!"

"ఇయ్యాల పంపంటది. రేపు నాగలంటది. ఎల్లుండి ఈ ఊళ్లె ఎవ్వడన్న ఎవ్వనికన్న చేదబొక్కెన ఇస్తడా? పక్క ఊళ్లె మూడు తోటలు ముడత తెగులుకు పోయినై. వాళ్లకు పంపు ఎవడిచ్చిండు? ఊరి కట్టుబాటు గావాల్నా, ఈమె మాట గావాల్నా? తేల్చుండ్రి."

"అవ్, తెగులే" అన్నాడొకడు. "అవ్, అవ్" అన్నారు మిగతావాళ్లు. ఎవరూ చేలోకి వెళ్లలేదు.

లచ్చమ్మ కొంగు దులుపుకుని లేచింది. "ఇంతసేపు మాట్లాడినవు పెద్దయ్యా. కడిగిచ్చినవో లేదో మాత్రం చెప్పకపోతివి" అని గూడెం దారి పట్టింది. అప్పుడొకడు తాగిన చాయ్ గ్లాసు పక్కవాడికి అందిస్తూ ఆమె గొంతుతో అన్నాడు: "కడిగిచ్చినవా?" ఒక్కసారిగా అందరూ పడీపడీ నవ్వారు. నేను కూడా.

చేను పోయింది. ఆ ఏడు నుంచి లచ్చమ్మ కూలికి పోతోంది. నా తోటలో కాయ ఏరడానికి కూడా వస్తుంది. కానీ నన్ను ఎక్కువగా కోసింది అది కాదు. ఆ నవ్వు ఆగలేదు. బండి అడిగి తీసుకెళ్లి తిరిగి ఇచ్చినవాణ్ని "కడిగిచ్చినవా?" అంటారు. పెళ్లి భోజనాల్లో గరిటె అందించినా అదే మాట. ఆమె ఎదురుగా నడుస్తున్నా అంటారు. ఏడేళ్ల నుంచి ఒక మనిషి అడిగిన న్యాయమైన ప్రశ్న మా ఊరికి హాస్యమైంది. దాన్ని హాస్యం చేసింది నేను. విన్న ప్రతిసారీ నేను పళ్లు బయటపెట్టాను. పెట్టకపోతే అనుమానం వస్తుందేమోనని.

తర్వాత చదువు సంగతి. ఫోనుకు ఏ మెసేజ్ వచ్చినా ఎవరో ఒకరిని బతిమాలాల్సి రావడం నాకు విసుగు పుట్టించింది. బడి వరండాలో మధ్యాహ్నాలు సరిత పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పుతుంటే వెళ్లి కూర్చున్నాను. ఆ పిల్ల మా ఊరి కోడలు. ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటోంది. మాకు రాత కుదిరాక తన పుస్తకంలోంచే బోర్డు మీద వరసలు రాసి చూచిరాత రాయించేది. ఒకరోజు వాదనలో జరిగే మోసాల గురించి రాసింది. మొదటి వరస ఇది. "అడిగిన ప్రశ్నను వదిలి, అడిగిన మనిషిని పట్టుకోవడం."

"దీనికి ఎవరన్న ఒక ముచ్చట చెప్పుండ్రి" అంది సరిత.

ఎల్లమ్మ చెయ్యి ఎత్తింది. "కూరల ఉప్పెక్కువైంది అత్తా అంటే, మీ అమ్మ చేతి కూర నేను తినలేదా అంటది మా అత్త. గిదేనా?"

వరండా అంతా నవ్వింది. నేను తల ఎత్తలేదు. బాగా చదువుకున్నవాళ్లు వరస మీద కళ్లు జార్చుకుంటూ వెళ్లిపోతారు. నాలాంటివాడు ఒక్కో అక్షరం మీద నిలబడాలి. ప్రశ్న అనే మాట దగ్గరే నాకు చాలాసేపు పట్టింది. కింద వత్తు పెట్టేసరికి లచ్చమ్మ గొంతు వినబడింది. తర్వాతి వరస, ఎదుటివాళ్లు అనని మాటను అన్నారని చెప్పి దాన్ని ఓడించడం. ఇషం పోస్తరంట! ఇంకో వరస, రెండే దారులున్నాయని బెదిరించడం. ఊరా, ఈమెనా? ఒక్క అడుగు వేస్తే చివరికి అంతా కూలిపోతుందని భయపెట్టడం. చేదబొక్కెన. నా చేత్తో నేనే నా నేరాన్ని గుండ్రంగా, చక్కగా, గీత దాటకుండా రాసుకుంటున్నాను.

నేను వీటిని తెలివి అనుకునేవాణ్ని. జనం కూడా అదే అన్నారు. పెద్దయ్య నోటికి ఎదురులేదు అని. వీటికి పుస్తకంలో పేర్లున్నాయని, లోకమంతా చేసే పనులేనని తెలిసి ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది. అందరూ చేసేదే కదా అనుకున్నాను. బోర్డు మీద ఆఖరి వరస చదివితే అదీ ఉంది. అందరూ చేస్తున్నారు కాబట్టి తప్పు కాదనుకోవడం. ఎటు పారిపోయినా ఆ పిల్ల ముందే వెళ్లి తలుపు వేసి ఉంచింది.

ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా నా బుద్ధి ఊరుకోదు. ఊళ్లో ఎంతమందికి మేలు చేశానో రాయమంటుంది. ఆ ఏడు నిజంగానే ముడత తెగులు ఉందని రాయమంటుంది. ఉంది. కానీ ఆమె అడిగింది తెగులు సంగతి కాదు కదా?

మొన్న మా కల్లంలో లచ్చమ్మ తాలు కాయలు ఏరుతోంది. తెల్లబారిన పనికిరాని కాయను ఎర్ర కాయల్లోంచి తీసి పక్కన పెట్టడం ఆ పని. నేను వెళ్లి ఎదురుగా కింద కూర్చున్నాను. తోటి కూలీలు దూరంగా ఉన్నారు. "లచ్చమ్మా, పంపు కడగలే" అన్నాను. ఇంకో మాట కలపలేదు.

ఆమె చేతులు ఆగలేదు. ఏరుతూనే అంది. "నాకెందుకు చెప్తున్నవు? నాకు అప్పుడే ఎరుక. నవ్వెటోళ్లకు చెప్పు." ఒక తాలు కాయ తీసి నా కాళ్ల దగ్గర వేసింది. "జర జరుగు పెద్దయ్యా. ఎండకు అడ్డమున్నవు."

జరిగాను.

మర్నాడు పొద్దున చాయ్ హోటల్లో ఒకడు నా ఫోను చూసి తిరిగి ఇచ్చాడు. పక్కవాడు అలవాటుగా అన్నాడు, "కడిగిచ్చినవా?" నేను లేచి నిలబడ్డాను. "లేదు. ఆ రోజు లచ్చమ్మ పంపు నేను కడగలేదు. కడగకుండనే ఇచ్చిన" అన్నాను.

హోటలంతా గొల్లుమంది. "పెద్దయ్య గూడ జోకులేస్తుండురో!" అని ఎవడో తొడ చరిచాడు. నా ముందు ఇంకో చాయ్ పెట్టారు. వాళ్ల నవ్వు ఆగేదాకా నిలబడి మళ్లీ చెప్పొచ్చు. జోకు కాదురా అని అరవొచ్చు. నేను కూర్చున్నాను. ఆ చాయ్ తాగాను.

ఆ చాయ్ గురించి కూడా మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. నోటితో చెబితే నా ఊరు నవ్వుతోంది. ఏ మాటైనా నా నోట్లోంచి వస్తే గెలుపుగానే వినబడేలా వాళ్లను తయారు చేసింది నేనే. కాగితం మీద గొంతు పెంచడం నాకు ఇంకా రాదు. అందుకే కాగితాన్ని నమ్ముకున్నాను. పేరు పెట్టలేదు. దాక్కోవడానికి కాదు. మా ఊరివాళ్లు చదివితే పంపు అనే మాట దగ్గరే తెలిసిపోతుంది. చదివి ఏమంటారో తెలియదు. చేను తిరిగి ఆమెకు రాదు. ఏడేళ్లు రావు. నన్ను క్షమించమని ఆమెను అడగలేదు. అడిగితే మళ్లీ ఆమే నాకు ఏదో ఇవ్వాల్సి వస్తుంది.

లచ్చమ్మా, నీకు చదువు రాదు. ఎవరైనా చదివి వినిపించాలి. నువ్వడిగిన దానికి జవాబు ఇది. ఇది చూచిరాత కాదు, నేనే రాసింది.

కడిగివ్వలేదు. నీళ్ల డ్రమ్ము పక్కనే ఉంది.