చెల్లి బుగ్గ, భూమి బరువు

చిక్కడపల్లి వీధిలో గ్యాస్ బెలూన్ల రబ్బరు వాసన తగిలితే ఇప్పటికీ తల దించుకుంటాను. చిన్నప్పుడు ఒకరోజు చెల్లి బెలూన్‌ను, మా మాటలో బుగ్గను, నేనే కావాలని గాల్లోకి వదిలేశాను.

మా డాబా మీది గదిలో కిరాయికుండి గ్రూప్స్‌కు చదివే అన్న ఆ పొద్దున చెప్పాడు: "తేలికైన గ్యాస్ రోజూ పైకి పోతనే ఉంటది తమ్మీ. భూమి బరువు జర జర తగ్గుతది." అది నిజమో కాదో చూద్దామని దారం వదిలి, కాళ్ళ కింద నేల తేలికవుతుందేమోనని కదలకుండా నిలబడ్డాను.

"భూమి సంగతి నాకెందుకన్నా! నా బుగ్గ నాకియ్యి!" అని, నేను చెప్పిన కారణం వినకుండా చెల్లి ఏడ్చింది.

మర్నాడు నారాయణగూడ నుంచి ఇంకొకటి తెచ్చి ఆమె మణికట్టుకు కట్టాను. కాసేపు ఆడుకుని తనే ముడి విప్పేసింది.

"ఏందే, గట్ల చేసినవ్?"

"నిన్నటిది ఒక్కటే పోయింది గదన్నా. దానికి తోడు పంపిన."

అది చుక్కై కనుమరుగయ్యేదాకా ఆమె చెయ్యి వదలకుండా నిలబడ్డాను. ఇద్దరం పెద్దవాళ్ళమైనా, ఆ చిన్న చెయ్యి కోసం ఇప్పటికీ బెంగగా ఉంటుంది.