పిల్లి మీద నా ఉత్తరాలు

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. పుట్టుకతో వచ్చిన గుణమో, ఉద్యోగం అంటించిన జబ్బో చెప్పలేను. ముప్పై ఏళ్లకు పైగా బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసినవాణ్ణి. పాలకొండ రోడ్డులోనో చీపురుపల్లి రోడ్డులోనో చెయ్యెత్తి బస్సు ఆపి, మెట్టు మీద కాలు పెట్టగానే లోపలున్న మొహాలన్నీ ఒక్కసారి చూసేవాణ్ణి. జేబులు తడుముకునేవాడికి టికెట్ ఉంటుంది, ఎక్కడ పెట్టాడో మరిచిపోయి ఉంటాడు. కళ్లు మూసుకున్నవాడు నిజంగానే నిద్రపోతూ ఉండొచ్చు. కిటికీలోంచి పొలాలకేసి తదేకంగా చూసేవాడున్నాడే, వాడి దగ్గరికి నేను నేరుగా వెళ్లిపోయేవాణ్ణి.

రిటైరై రాజాంలో స్థిరపడ్డాక కూడా ఆ చూపు పోలేదు. పాలవాడి కొలత, మందుల షాపువాడి చిరునవ్వు, ఏదీ నాకు సూటిగా కనిపించదు. మా ఆవిడ బతికున్నప్పుడు, "మీరు దేవుడి దగ్గరికి వెళ్లినా ముందు ఆయన్నే టికెట్ అడుగుతారు" అనేది. ఇలాంటివాణ్ణి పిల్లల కథల పత్రిక చదివే గుంపులో చేరాను. చేరాననడం కన్నా, ధాన్యం కమీషన్ వ్యాపారం చేసే మా బావ నన్ను లాక్కెళ్లాడనడం నిజం.

మా చిన్నప్పుడు శ్రీకాకుళం, విజయనగరం వైపు పిల్లలందరికీ తెలిసిన కథల రచయిత ఒకాయన ఉండేవారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మేమంతా ఆయన్ని తాతగారనే అంటాం. విజయనగరంలో ఆయన అభిమానులు సంఘం పెట్టి మూడు నెలలకోసారి ఒక పత్రిక తెస్తున్నారు. అందులో తాతగారి పాత కథ ఒకటి, పిల్లలు వేసిన బొమ్మలు, పాఠకుల ఉత్తరాలు ఉంటాయి. వాళ్లు వేసేదే కొద్ది ప్రతులు. అందుకని రెండేసి ఊళ్లకి కలిపి ఒక్కటే పంపుతారు. ఒక ఆదివారం కూర్చుని చదువుకుని, మర్నాడు బస్సులో కళింగపట్నం గుంపుకి పంపెయ్యాలి.

మా ఊరికి పత్రిక టీచరమ్మ పేరున వస్తుంది. ఆవిడ మిషన్ స్కూల్లో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, మధ్యాహ్నం మూడింటికి మా బావ కొట్టు వెనక గదికి వస్తారు. ధాన్యం బస్తాల మధ్య పది పన్నెండు మందిమి చాపల మీద కూర్చుంటాం. ఆవిడ పైకి చదువుతారు, మేం వింటాం. బొమ్మలు చూడడానికి చివర్లో పత్రిక ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టులో నేను చెయ్యి చాపేవాణ్ణి కాదు. కళ్లలో శుక్లాలు ముదిరి, నాకు అచ్చు అలికేసినట్టు కనిపించేది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

గుంపులో గొడవ తెచ్చింది పిల్లి కథ. కళింగపట్నం ఇసకలో చేపలు ఎండబెట్టుకునే ఒక ముసలమ్మ, కాకుల బెడద పడలేక ఒక పిల్లిని కాపలా పెడుతుంది. నాలుగు రోజులు చేపల లెక్క సరిపోతుంది. అయిదో రోజు ఒకటి తగ్గుతుంది. పిల్లి మూతి తుడుచుకుంటూ కూర్చుని ఉంటుంది. "ఎవరే తిన్నారు?" అని ముసలమ్మ అడిగితే పిల్లి సముద్రంకేసి చూస్తుంది. అంతే, కథ అక్కడితో ఆగిపోతుంది.

టీచరమ్మ చదవడం పూర్తి చేసి, "పాపం, అల వచ్చి పట్టుకుపోయింది. పిల్లి అదే చూపిస్తోంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఏటి చూపించడం! తిన్నది అదే. తప్పు చేసినోడే బయటికి చూస్తాడు" అన్నాను.

గది రెండు పక్షాలయింది. తెల్లజుట్టు మనుషులం, మనవలున్నవాళ్లం, ఒక పిల్లి గురించి గంటసేపు అరుచుకున్నాం. మా బావ నవ్వలేక కడుపు పట్టుకుని బస్తా మీదకి ఒరిగిపోయాడు. మా ఆవిడ పోయాక నేను అంత గట్టిగా మాట్లాడింది ఆ రోజే.

మర్నాడే పత్రికకి ఉత్తరం రాశాను, పెద్ద పెద్ద అక్షరాలతో నాలుగు పేజీలు. తడి ఇసకలో చేపలు ఎండబెట్టరు కనుక అల అంతదూరం రాదని, ఖాళీ కడుపుతో ఉన్న పిల్లి మూతి తుడుచుకోదని, బస్సు కిటికీలోంచి చూసేవాళ్ల గురించి నా అనుభవం ఇదని. ఊరి ఉత్తరాలన్నీ ఒకే కవరులో పంపాలని సంఘం నియమం. కాబట్టి ఆ ఉత్తరం టీచరమ్మ చేతికే ఇవ్వాల్సి వచ్చింది. అవతలి పక్షం మనిషి! పోస్టు చేస్తుందా చింపేస్తుందా అని మూడు నెలలూ నాకు మనశ్శాంతి లేదు.

ఆ తర్వాతి సంచిక వచ్చిన ఆదివారం ఆవిడ ఉత్తరాలే ముందు చదివారు. రెండోది నాది. ఒక్క వాదన కూడా వదలకుండా, బస్సు కిటికీ మాట దగ్గర గొంతు పెంచి మరీ చదివారు. కింద సంపాదకుడి జవాబు కూడా ఉంది: 'మీ పరిశీలన మమ్మల్ని ఆలోచనలో పడేసింది. ఇంకా రాయండి.' అందరూ చప్పట్లు కొట్టారు. నేను గోడకేసి చూస్తూ ఏమీ పట్టనట్టు కూర్చున్నాను గాని, లోపల ఎంత పొంగిపోయానో నాకే తెలుసు. అచ్చులో నా మాట! జీవితంలో నేను రాసినవన్నీ రిపోర్టులే, వాటిని చదివి చప్పట్లు కొట్టినవాళ్లు లేరు.

మళ్లీ రాశాను. మళ్లీ పడింది, మళ్లీ జవాబు. మూడోది కూడా. బజారులో టైలరు నన్ను ఆపి, "పిల్లి కేసు ఎక్కడిదాకా వచ్చినాది బాబూ?" అని అడిగేవాడు. సంచిక ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టుకోవడం అలవాటయింది.

ఈలోగా శ్రీకాకుళంలో కళ్లకి ఆపరేషన్ చేయించుకున్నాను. గోడ మీద బల్లి కాళ్లు కూడా లెక్కపెట్టగలిగినంత చూపు వచ్చింది. చూపుతో పాటు పాత బుద్ధీ పదునెక్కింది.

నా నాలుగో ఉత్తరం రావాల్సిన సంచికలో పెద్ద విశేషం ఉందని టీచరమ్మ ముందే చెప్పారు. పిల్లి కథకి తాతగారు మొదట రాసుకున్న చిత్తుప్రతి ఎవరింట్లోనో దొరికిందట. దాన్ని ఉన్నదున్నట్టు వేశారట. ఇక తేలిపోతుందని అందరం గంట ముందే వచ్చి కూర్చున్నాం. ఎప్పటిలాగే ఉత్తరాలు ముందు. నా ఉత్తరం, సంపాదకుడి మెప్పు, చప్పట్లు. అప్పుడే ఒకటి గమనించాను. మిగతా ఉత్తరాలు చదువుతున్నప్పుడు ఆవిడ కళ్లు అచ్చు వరసల వెంట పరుగెడుతున్నాయి, నాది చదువుతున్నప్పుడు మాత్రం ఒక్కచోటే తాపీగా నడుస్తున్నాయి. పేజీ కూడా తిప్పలేదు. నాలుగు పేజీల ఉత్తరం, ఒక్క పేజీలో పట్టిందా? సర్లే, చిన్న అచ్చేమో అనుకున్నాను.

తర్వాత చిత్తుప్రతి చదివారు. ముసలమ్మ ఉంది, కాకులున్నాయి, అయిదో రోజు ఉంది. పిల్లి సముద్రంకేసి చూసింది. మూతి తుడుచుకోవడం మాత్రం లేదు.

"చూశారా!" అన్నారు ఆవిడ పక్షంవాళ్లు.

నా అనుమానం అంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. నా వాదనకి ఆధారమే ఆ మూతి. అది లేకుండా పోయిందంటే తాతగారు రాయకపోవడం వల్ల కాదు, ఈవిడ చదవకపోవడం వల్లే! లేచి నిలబడ్డాను.

"టీచరుగారూ, ఆ పత్రిక ఇలా ఇవ్వండి. మీరో వాక్యం మింగేశారు."

"ఒరే బావా, కూకోరా, ఏటిది!" అన్నాడు మా బావ.

"నువ్వు నోరు మూసుకో. ఇవ్వండి టీచరుగారూ."

ఆవిడ మొహం తెల్లబోయింది. పత్రికని గుండెకి హత్తుకున్నారు. "తర్వాత చూద్దురుగాని అన్నయ్యగారూ" అన్నారు. టికెట్ లేని మనిషి గొంతు నాకు బాగా తెలుసు. ముందుకి వంగి పత్రిక లాక్కున్నంత పనిచేసి తీసుకున్నాను.

చిత్తుప్రతి పేజీ తెరిచి వేలు పెట్టి వరసవరసా చదివాను. ఆవిడ చదివింది చదివినట్టే ఉంది. ఒక్క అక్షరం పోలేదు. మూతి అక్కడ నిజంగానే లేదు. అందరూ నా మొహంకేసి చూస్తున్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మాట మార్చడానికని, "సరే, బాగానే ఉంది. కొత్త కళ్లతో నా ఉత్తరమైనా అచ్చులో చూసుకుంటాను. ఏ పేజీలో ఉంది?" అన్నాను.

నేనే ఉత్తరాల పేజీ తీశాను. మూడు ఉత్తరాలున్నాయి, ఒకటి బొబ్బిలిది, రెండు విజయనగరానివి. ముందు పేజీ తిప్పాను, వెనక పేజీ తిప్పాను. మధ్యలోంచి మడత పెట్టిన రూళ్ల కాగితం ఒకటి జారి చాప మీద పడింది. తీసి విప్పాను. టీచరమ్మ గుండ్రటి చేతిరాత, సన్నగా, ఒక పక్కనే కిక్కిరిసి. నా ఉత్తరం మొత్తం ఉంది. కింద సంపాదకుడి జవాబు. ఆ జవాబులో మాత్రం కొట్టివేతలే కొట్టివేతలు. 'మీ వాదన చాలా బాగుంది' అని రాసి కొట్టేసి, 'మీ వాదన ఆసక్తికరం' అని రాసి కొట్టేసి, చివరికి 'మీ ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నాం' అని ఉంచారు.

తలెత్తి చూశాను. నన్ను కొట్టినట్టయింది ఆ కాగితం వల్ల కాదు. ఆ గదిలో ఒక్క మొహంలోనూ ఆశ్చర్యం లేదు. టైలరు చాప ఈనెలు పీకుతున్నాడు. మా బావ కిటికీకేసి చూస్తున్నాడు. ప్రతిసారీ బొమ్మల కోసం పత్రిక వాళ్లందరి చేతుల్లోంచీ తిరిగిందన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ నేను తప్ప అందరికీ తెలుసు. ఎంతమంది దొంగల్ని పట్టుకున్నానో చెప్పుకుని తిరిగినవాణ్ణి, నా ముక్కు కిందది చూసుకోలేదు.

కాగితం మడిచి పత్రికలో పెట్టి ఇచ్చేసి ఇంటికి వచ్చేశాను. అంత సిగ్గు నాకు ఎన్నడూ వెయ్యలేదు.

మర్నాడు పొద్దున టీచరమ్మ వచ్చారు. లోపలికి రమ్మనకపోయినా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. సంఘం వాళ్లు రాసిన కార్డు చూపించారు. పెద్దాయన ఉత్తరాలు మరీ పొడుగ్గా ఉంటున్నాయని, చోటు చాలదని, నొచ్చుకోవద్దని చెప్పమని.

"అంటే మీరు పోస్టు చేశారా?"

"అన్నీ చేశాను. మీరు నన్ను అలా అనుకుంటారని తెలుసు."

"మరి ఎందుకు? నన్ను ఎర్రోణ్ణి చేసి చప్పట్లు కొట్టించడానికా?"

ఆవిడ కాసేపు చీర కుచ్చెళ్లు సర్దుకున్నారు. "ఆ మొదటి ఆదివారం మీరు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ముందు కూర్చున్నారు. అన్నిసార్లూ గుమ్మం దగ్గర కూర్చునే మనిషి. పత్రిక తెరిస్తే మీ ఉత్తరం లేదు. లేదని చెప్దామనే నోరు తెరిచాను. మీ మొకం చూశాక, గుర్తున్నది గుర్తున్నట్టు చదివేశాను. ఆ తర్వాత ఆపడం నాకు చేతకాలేదు అన్నయ్యగారూ. ఉత్తరం కాపీ రాసుకోడం సులువే. జవాబు రాయడమే చచ్చేచావు. మీ వాదన నాకు నచ్చదు కదా, మెచ్చుకోవాలంటే పెన్ను కదిలేది కాదు."

ఆవిడ టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఆవిడ మీద కోపం ఆ రోజంతా ఉంది. మిగతావాళ్ల మీద ఇంకా ఎక్కువ ఉంది. వాళ్లు చప్పట్లు జాలితో కొట్టారా, సరదాగా కొట్టారా, వెనక నవ్వుకున్నారా అని ప్రతి చప్పుడూ తీసి మళ్లీ విన్నాను. మూడు నెలలు అటువైపు వెళ్లలేదు.

తర్వాతి సంచిక వచ్చిన ఆదివారం మా బావ బండేసుకుని వచ్చాడు.

"పుస్తకం వచ్చినాది. నెగు" అని చెయ్యి పట్టుకుని లేపబోయాడు.

"నేను రాను. మీరంతా నవ్వుకున్నారు."

"నవ్వినాం రా. పిల్లి మూతి తుడుచుకోడం మీద నాలుగు పేజీలు రాస్తే నవ్వమా? నువ్వు నేకపోతే ఆ గదిలో అందరూ బడిపిల్లల్లాగ ఇనేసి నెగిసిపోతన్నారు. ఏటి సెయ్యమంటావు?"

నవ్వినాం అని మొహం మీద చెప్పాడు చూడండి, దాంతో చొక్కా తొడుక్కున్నాను.

గుమ్మం దగ్గరే కూర్చున్నాను. టీచరమ్మ నన్ను చూసి, చూడనట్టు పత్రిక తెరిచారు. అచ్చులో ఉన్న ఉత్తరాలు చదివి ఆగారు. "ఈసారి మన ఊరి నుంచి ఉత్తరం లేదు" అన్నారు మెల్లగా.

నేను లేచాను. "రాయలేదు. నోటితోనే చెప్తాను" అన్నాను. చిత్తుప్రతిలో మూతి తుడుచుకోవడం లేదు, నిజమే. లేనిదాన్ని తాతగారు తర్వాత కావాలని చేర్చారంటే పిల్లి తిన్నదని మనకి తెలియాలనే చేర్చారు. లేకపోతే ఎందుకు చేరుస్తారు? మూడు నెలలు ఒంటరిగా కూర్చుని తయారుచేసుకున్న వాదన అది. చెప్పి కూర్చున్నాను.

చప్పట్లు లేవు. అందరూ టీచరమ్మకేసి తిరిగారు. ఆవిడ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"తప్పు అన్నయ్యగారూ" అన్నారు గట్టిగా. "చదివేవాళ్లు పిల్లిని అనుమానించాలని చేర్చారు. మీలాంటివాళ్ల కోసమే చేర్చారు. పిల్లి తినలేదు."

అంతమంది ముందు నా వాదన తోసిపారేశారు. ఏడాదిగా నాకు వచ్చిన జవాబుల్లో నేను నమ్మింది ఇదొక్కటే.