ఎండుమిరపకాయల మధ్య కెమెరా

డిజిటల్ కెమెరాలు మా వైపు పెళ్ళిళ్ళకి రావడం మొదలైన రోజుల్లో నేను గుంటూరు వెళ్ళి ఒక రీలు కెమెరా అమ్మాను. నాది కాదు. డిగ్రీలో నా పక్కన కూర్చున్నవాడిది. వాడు పోయి అప్పటికి పది నెలలు.

మా ఊరి బస్టాండు ఎదురుగా వాడికి ఫోటో స్టూడియో ఉండేది. పత్తి రైతులు వరసగా పురుగుమందు తాగిన ఏళ్ళలో, పరిహారం కాగితాలకి ఫోటో తీయాలంటే వాడినే పిలిచేవారు. ఆ ఇళ్ళలో డబ్బు తీసుకునేవాడు కాదు.

"సగం మందికి ఇదే మొదటి ఫోటోరా. ఒక్కడూ కదలడు, రెప్ప వెయ్యడు. పెళ్ళివాళ్ళకన్నా నయం," అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. మా స్నేహం అలాంటి మాటల మీదే నడిచింది.

స్టూడియోకి గిరాకీ తగ్గాక వాడూ మూడెకరాలు కౌలుకి తీసుకుని పత్తి వేశాడు. తర్వాతి సంగతి మా జిల్లాలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఈసారి ఫోటో నేను తీయాల్సి వచ్చింది, వాడి కెమెరాతోనే. మసగ్గా వచ్చింది. మొహం ఆనవాలు తెలియడం లేదని ఆఫీసువాళ్ళు కాగితాలు తిప్పి పంపారు. జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. చరిత్రకి నేను చేసిన సేవ అదొక్కటే.

అందుకని వాడి భార్య ఆ కెమెరా అమ్మిపెట్టమంటే కాదనలేకపోయాను. వాళ్ళ అమ్మాయికి నర్సింగులో సీటొచ్చింది. సోమవారం లోపల ఆరు వేలు కట్టాలి.

"జాలిపడి ఎవరూ ఎక్కువివ్వక్కర్లేదు అన్నయ్య గారూ. అలాగని ఎంతొస్తే అంతకి ఇచ్చెయ్యకండి. న్యాయంగా దానికెంతో అంత తీసుకురండి," అంది. "ట్రంకుపెట్టెలో భద్రంగా పెట్టాను. పురుగు ముట్టలేదు."

నేను సంచి విప్పి చూడలేదు. పరీక్ష పేపర్లు కూడా అలాగే దిద్దేవాణ్ణి.

గుంటూరులో పాత కెమెరాలు కొనే షాపాయన కెమెరా తీసి కంటికి ఆనించుకున్నాడు. రెండు తుమ్ములు తుమ్మాడు. ఆ పైన కళ్ళమ్మట ధారలు.

"ఏంటి మాస్టారూ! కెమెరా తెచ్చారా, మిరపకాయల శాంపిలు తెచ్చారా? మిర్చి యార్డు ఇటు కాదండీ, అటు!"

షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయన సంచి తిరగేస్తే గుప్పెడు ఎండుమిరపకాయలు రాలాయి. కందిపప్పు డబ్బాలో వేసినట్టే, పురుగు పట్టకుండా వాడి భార్య వేసింది. అవి పది నెలల పాటు పెళుసెక్కి, చితికి, పొడంతా లోపలికి దిగింది. మీట నొక్కితే షట్టరు సగంలో ఆగిపోయింది.

"రెండు వేలు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"న్యాయంగా చెప్పండి."

"న్యాయంగానే చెప్పా. ఇదంతా విప్పి శుభ్రం చెయ్యాలి. ఆ మీదట రీలు కెమెరా ఎవడికి కావాలండీ ఇప్పుడు? ఇంతకీ ఎవరిది?"

చెప్పాను. తుడుచుకునే చెయ్యి ఆగింది. వాడి రీళ్ళు కడిగింది ఆయనేనట.

"ఆ పోయినోళ్ళ ఫోటోలు తెచ్చేవాడు, ఆయనా? ఆయన కూడానా?"

"ఆయన కూడా."

కెమెరా తన వైపుకి జరుపుకున్నాడు. "నాలుగు తీసుకోండి. న్యాయం మాత్రం అడక్కండి. న్యాయమైతే రెండే."

జాలి వద్దని ఆవిడ చెప్పి పంపింది. నేను నాలుగూ తీసుకున్నాను. మిగతా రెండు నేను కలుపుదామంటే, మా కాంట్రాక్టు లెక్చరర్లకి ఆర్నెల్లుగా జీతాల్లేవు. స్టాఫ్ రూములో అందరం ఒకరినొకరు అప్పు అడగకుండా మర్యాదగా తప్పుకు తిరుగుతున్నాం.

డబ్బు చేతిలో పెడితే ఆవిడ నా మొహంలోకి చూసింది.

"న్యాయంగానేనా అన్నయ్య గారూ?"

"న్యాయంగానేనమ్మా. రీలు కెమెరాలకి ఇప్పుడు ధర పడిపోయింది."

"మిరపకాయలు వేసి మంచిపని చేశాను కదూ? లేకపోతే ఇదీ వచ్చేది కాదేమో."

"అవునమ్మా," అన్నాను. "ఒక్క పురుగు లేదు."

మిగతా రెండు వేల కోసం ఆదివారం దాకా ఆవిడ నాలుగిళ్ళు తిరిగింది. సోమవారం గడిచిపోయింది. ఆ ఏడు ఆ పిల్ల తల్లితో పాటు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళింది. సాయంత్రం బస్టాండు దగ్గర కనిపిస్తే, మంటకి చేతులు రెండూ ఒంటికి తగలకుండా ఎత్తి పట్టుకుని నడిచేది.

మా అన్నయ్య గారు కెమెరాకి న్యాయమైన ధర తెచ్చారని ఆవిడ ఇప్పటికీ నలుగురిలో చెబుతుంటుంది. నేను పక్కనే ఉంటే, తల ఊపుతాను.